ఇంట్లోవాళ్ళే దొంగతనం అంటగట్టినట్టు పదే పదే కల. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

కలనేత:

కొన్నాళ్ళుగా ఒకే కల, చిన్న చిన్న మార్పులతో వస్తోంది. కథంతా మా పుట్టింటి హాల్లో జరుగుతుంది. అమ్మ, అన్నయ్య, వదిన, చెల్లి, చిన్నాన్నవాళ్ళు అందరూ ఉంటారు. అమ్మ చంద్రహారం కనబడటం లేదని గొడవ. వదిన నా వైపు తిరిగి "బీరువా దగ్గరికి వెళ్ళింది నువ్వొక్కదానివే కదా" అంటుంది. ఎవరూ అడ్డు చెప్పరు. అమ్మ తల దించుకుని కూర్చుంటుంది. నేను తీయలేదని చెప్పబోతే గొంతు పెగలదు. కిందికి చూసుకుంటే బీరువా తాళాలగుత్తి నా చేతిలోనే ఉంటుంది. అక్కడికి మెలకువ వచ్చేస్తుంది. గడియారం చూస్తే నాలుగు, నాలుగున్నర.

నిజంగా ఏ నగా పోలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నా ప్రశ్నలు ఇవీ: తెల్లవారుజాము కల నిజమవుతుందంటారు, ఇలాంటి నింద నిజంగా రాబోతోందా? చవితి చంద్రుణ్ణి చూసి ఉంటావని మా అత్తగారు అంటున్నారు, అది దీనికి వర్తిస్తుందా? వదిన మనసులో నిజంగానే ఏదో ఉండి, అది నాకిలా తెలుస్తోందా? చివరిది, ఈ కల ఆగాలంటే ఏం చేయాలి?

తాళపత్రం:

శాస్త్రం వైపు నుంచి నాకు తెలిసినంత చెబుతాను. యూట్యూబ్‌లో "కలలో నింద పడితే ధననష్టం" లాంటివి బోలెడు దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టండి. అగ్నిపురాణంలో, మత్స్యపురాణంలో స్వప్నాధ్యాయాలున్నాయి. వాటి జాబితాల్లో ఉన్నవి ఎక్కువగా వస్తువులు, జంతువులు, ఒంటికి జరిగేవి: నూనె రాసుకోవడం, తల గొరిగించుకోవడం, గాడిద ఎక్కడం, చెట్టెక్కడం, పాలు తాగడం లాంటివి. వదిన అన్న మాటకు ఇంత ఫలం, అమ్మ మౌనానికి ఇంత ఫలం అని లెక్క కట్టే పద్ధతి వాటిది కాదు.

వేళ సంగతి. అగ్నిపురాణం రాత్రిని నాలుగు జాములు చేసి, మొదటి జాము కల ఏడాదికి, రెండోది ఆరు నెలలకు, మూడోది మూడు నెలలకు, నాలుగోది పక్షం రోజులకు, అరుణోదయపు కల పది రోజులకు ఫలిస్తుందంటుంది. సాయంత్రం ఆరు నుంచి మూడేసి గంటలు లెక్కేస్తే మీ నాలుగున్నర నాలుగో జామే. "తెల్లవారుజాము కల నిజమవుతుంది" అనే మాటకు మూలం ఇలాంటి లెక్కే. కానీ ఇది ఎంతకాలానికి ఫలిస్తుందో చెప్పే లెక్క మాత్రమే. ఏ కల ఫలిస్తుంది, ఏది ఫలించదు అన్న ప్రశ్న దానికంటే ముందు వేసుకోవాలి. జనం అది వదిలేసి గడియారం ఒక్కటే పట్టుకున్నారు.

ఆ ప్రశ్నకు జవాబు ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో, ఇంద్రియస్థానమనే భాగంలో ఉంది. చరకుడు కలల్ని ఏడు రకాలు చేశాడు: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేది సూచించే భావికాలు, వాతపిత్తకఫాలు చెడితే వచ్చే దోషజాలు. మొదటి అయిదింటికీ ఫలం లేదని తేల్చేశాడు. మరీ పొట్టివి, మరీ పొడుగువి, పగటి నిద్రలో వచ్చినవి కూడా నిష్ఫలమే. మీ కలలో ఇల్లు, మనుషులు, బీరువా అన్నీ చూసినవే. నింద మాత్రం ఊహించుకున్నది. ఈ లెక్కన మీ కల ఫలించని పద్దులో పడుతుంది.

చవితి చంద్రుడి విషయం. భాద్రపద శుద్ధ చవితినాడు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయన్నది మెలకువలో పడే నిందల గురించి. కలలకు దాన్ని ముడిపెట్టలేదు. అయినా మీ అత్తగారు ఆ కథ గుర్తుచేయడం ఒకందుకు మంచిదే. శ్యమంతకోపాఖ్యానంలో నింద ఒకసారితో తీరదు. మొదట సత్రాజిత్తు, తన తమ్ముడు ప్రసేనుణ్ణి చంపి మణి కాజేశాడని కృష్ణుడి మీద అనుమానపడ్డాడు. తర్వాత శతధన్వుడు సత్రాజిత్తును చంపి మణి ఎత్తుకెళ్ళిన ఘట్టంలో సాక్షాత్తు అన్నగారు బలరాముడే మణి విషయంలో తమ్ముణ్ణి పూర్తిగా నమ్మలేదని భాగవతం దశమస్కంధంలో ఉంది. రెండుసార్లూ కృష్ణుడు "నేను కాదు" అంటూ వాదిస్తూ కూర్చోలేదు. మొదటిసారి ఊరివాళ్ళను వెంటబెట్టుకుని అడవిలో జాడ తీశాడు. మణి దొరికాక సత్రాజిత్తును సభకు పిలిపించి, రాజు ఎదుట, ఎలా దొరికిందో చెప్పి అప్పగించాడు. రెండోసారి, శతధన్వుడు మణి దాచమని ఇచ్చిన అక్రూరుడి చేత మణి బయట పెట్టించి బంధువులందరికీ చూపించాడు. పూజనాడు అక్షింతలు చేతిలో పట్టుకుని వినే కథలో ఈ రెండో భాగం చాలా ఇళ్ళలో చదవరు.

రాత్రిడ్యూటీ:

మీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. కలలో వదిన అన్న మాట వదిన అన్నది కాదు. ఆ డైలాగు రాసింది మీ మెదడు, వదిన గొంతుతో పలికించిందీ మీ మెదడే. ఆమె మనసులో ఏముందో చెప్పే సాక్ష్యం అందులో రవ్వంత కూడా లేదు.

ఇది నొక్కి చెప్పడానికి కారణముంది. కల మరిచిపోయినా దాని కోపం మధ్యాహ్నం దాకా అంటుకుని ఉంటుంది. ప్రేమజంటల మీద జరిగి 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో, రాత్రి కలలో భాగస్వామితో గొడవ పడ్డవాళ్ళకు మర్నాడు నిజంగానే గొడవలు ఎక్కువయ్యాయని తేలింది. అంటే తెల్లవారుజాము కల ఒక దారిలో నిజమైపోతుంది. పొద్దున్నే వదిన ఫోన్ చేస్తే మీరు ముభావంగా మాట్లాడతారు, ఆవిడ "ఏమైంది ఈవిడకి" అనుకుంటుంది, అక్కడ మొదలవుతుంది. కాబట్టి కల వచ్చిన రోజు పూట పుట్టింటి డబ్బు, నగలు, ఆస్తి మాటలు ఎత్తకండి. వాట్సాప్ గ్రూపులో జవాబులు కూడా సాయంత్రానికి వాయిదా వేయండి.

నాలుగింటికే ఎందుకు అంటే, నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా నడుస్తుంది. ప్రతి చుట్టు చివర్లో రెమ్ నిద్ర (మూసిన కళ్ళు వేగంగా కదిలే దశ) వస్తుంది, కథలాంటి కలలు ఎక్కువగా అందులోనే. మొదటి చుట్టులో అది కొద్ది నిమిషాలే. తెల్లవారేకొద్దీ అరగంటకు పైగా సాగుతుంది. పెద్దవాళ్ళ మొత్తం నిద్రలో రెమ్ వాటా 20 నుంచి 25 శాతం, దాంట్లో ఎక్కువ భాగం రాత్రి రెండో సగంలోనే పడుతుంది. అందులోంచి నేరుగా మెలకువ వస్తే కల పూసగుచ్చినట్టు గుర్తుంటుంది. పదకొండు గంటలకు వచ్చిన కల గుర్తుండదు కనుక అది "నిజమైందా లేదా" అని ఎవరూ చూడరు.

గొంతు పెగలకపోవడానికి కూడా కారణం ఉంది. రెమ్‌లో కళ్ళు, ఊపిరి తీసే కండరాలు తప్ప మిగతా ఒళ్ళంతా మెదడు కాండం నుంచి వచ్చే ఆజ్ఞతో సడలిపోతుంది. కలలో అరవబోతే, పరిగెత్తబోతే కండరం పలకదు. అది కల కథలోకి "మాట రాలేదు" అని చేరి ఉండొచ్చు. కాబట్టి ఆ మూగతనాన్ని "నాకు ఇంట్లో మాట చెల్లదు" అని వెంటనే చదివేయకండి, కొంతవరకు అది శరీర ధర్మమే కావచ్చు. భయం, అవమానం అంత గట్టిగా ఉండటానికీ ఇలాంటిదే కారణం: ఆ సమయంలో ఉద్వేగాలు చూసే అమిగ్డలా జోరుగా ఉంటుంది, తర్కించి "ఇది అసంబద్ధం" అనే ముందరి మెదడు భాగం మందగిస్తుంది. అందుకే "అసలు ఏ నగా పోలేదు కదా" అన్న ఆలోచన కలలో ఎవరికీ రాదు.

ఒక్క హెచ్చరిక. కలలో నిజంగానే గట్టిగా అరవడం, చేతులు విసరడం, పక్కవాళ్ళకు దెబ్బ తగలడం ఉంటే పైన చెప్పిన సడలింపు సరిగ్గా జరగడం లేదని అర్థం. ముఖ్యంగా 50 దాటినవాళ్ళయితే న్యూరాలజిస్టుకు చూపించాలి. గురక పెట్టి ఉలిక్కిపడి లేస్తుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) పరీక్ష చేయించాలి. అలాంటప్పుడు కల అర్థం వెతుక్కుంటూ కూర్చుంటే అసలు జబ్బు ముదురుతుంది.

గోటిబిళ్ళ:

ఇది శని ప్రభావం అండి. నాకు తెలిసిన గురువుగారు ఫోటో పంపితే చాలు, 5,100కి రక్షారేకు చేసి కొరియర్ చేస్తారు. నంబరు కావాలంటే మెసేజ్ పెట్టండి.

తాళపత్రం:

గోటిబిళ్ళగారూ, దుస్స్వప్నానికి మత్స్యపురాణం చెప్పిన శాంతి ఇదీ: కలను ఇంకొకరికి చెప్పడం, మళ్ళీ పడుకోవడం, ఔషధాల ముద్దతో స్నానం, నువ్వులతో హోమం, బ్రాహ్మణుల్ని పూజించడం, వాసుదేవుడి స్తుతి, గజేంద్రమోక్షం వినడం. హోమం మాట అటుంచితే మిగతావాటికి ఖర్చు పెద్దగా లేదు. రక్షారేకు ఊసే లేదు. గజేంద్రమోక్షం దుస్స్వప్నాన్ని పోగొడుతుందని భాగవతం ఎనిమిదో స్కంధంలోనూ ఉంది. నమ్మకం ఉన్నవాళ్ళు పోతన పద్యాలు నాలుగు చదువుకుని మళ్ళీ పడుకోవచ్చు. కలనేతగారూ, నంబరు అడగకండి.

సావధానం:

ఇక అర్థం సంగతి. ఇలాంటి కలకు ఒకే అర్థం చెప్పేవాళ్ళను నమ్మకండి. "ఇంట్లోవాళ్ళు నింద వేశారు" అనే కల కనీసం అయిదు దారుల్లో పుడుతుంది: వేరే దేనికో ఉన్న అపరాధభావం ఈ నిందగా మారి రావడం, చిన్నప్పుడు చేయని తప్పుకు తిన్న తిట్టు ఇప్పటి ఏదో సంఘటనతో మళ్ళీ లేవడం, ఇంటి బాధ్యత ఒక్కరి మీదే పడి "రేపు తేడా వస్తే నన్నే అడుగుతారు" అన్న బెంగ, దాచిన విషయం ఒకటి ఉండటం, మనకే ఎవరి మీదో అనుమానం ఉంటే, అది తిరగబడి వాళ్ళు మనల్ని అనుమానించినట్టు రావడం. చివరిది ఒప్పుకోవడం కష్టం, అయినా తక్కువేమీ కాదు.

వీటిలో మీది ఏదో తేల్చుకోవాలంటే పుస్తకాల్లో వెతికి లాభం లేదు, కల వివరాల్లో వెతకాలి. పద్ధతి చెబుతాను. మెలకువ వచ్చాక కదలకుండా, కళ్ళు తెరవకుండా ఒక నిమిషం ఉండండి. ఒత్తిగిలితే సగం చెరిగిపోతుంది. చివరి దృశ్యం నుంచి వెనక్కి గుర్తుచేసుకోండి. దిండు పక్కన కాగితం పెట్టుకుని ఫోన్ వెలుగు లేకుండా రాయండి, "వదిన తిరుగుతోంది, అంటోంది" అని జరుగుతున్నట్టే. పక్కన మూడు సంగతులు: అన్నిటికంటే గట్టిగా తగిలిన భావం ఏది, దానికి పదికి ఎన్ని మార్కులు; నిజానికి భిన్నంగా ఉన్న వస్తువు ఏది; నిన్న, మొన్న రోజులో వీటికి దగ్గరగా ఏం జరిగింది. నిన్నటి తునకలు కలలోకి రావడం మామూలే. సాధారణంగా అవి పెద్ద సంఘటనలు కావు, మధ్యలో ఆగిపోయిన చిన్న మాటలు.

అందరూ చేసే పొరపాటు, నింద వేసిన మనిషినే పట్టుకోవడం. మీరు కూడా వదిన దగ్గరే ఆగిపోయారు. మిగతా రెండు వివరాలు చూడండి. ఒకటి, తల దించుకున్న అమ్మ. నింద నొప్పిస్తోందా, అమ్మ వెనకేసుకు రాకపోవడం నొప్పిస్తోందా? ఈ రెండూ ఒకటి కాదు, వీటికి మందులూ వేరు. రెండోది తాళాలగుత్తి. తీయలేదని చెప్పబోతున్న మనిషి చేతిలోనే తాళాలున్నాయి. అంటే కల మిమ్మల్ని దొంగ అనడం లేదు గానీ, తాళం మీ దగ్గరుందని మాత్రం గట్టిగా చెబుతోంది. మెలకువలో పుట్టింటి తాళం ఏదైనా మీ చేతిలో ఉందా? అచ్చంగా తాళమే కానక్కర్లేదు. బ్యాంకు పాస్‌వర్డు, అమ్మ పింఛను ఖాతా, ఇంటి పత్రాలు, ఏదైనా సరే.

ఒక పక్కమాట. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ మొదటిసారి పూర్తిగా విప్పిచూపిన కల, 1895 జులైలో తనకే వచ్చినది, సరిగ్గా నింద గురించే. వైద్యం చేసిన రోగికి నయం కాలేదన్న తప్పు తన మీద పడకుండా ఆ కల సాకు మీద సాకు చెబుతుంది, ఒకదానికొకటి పొసగవు. దాన్ని ఆయన అరువు కెటిల్ కథతో పోల్చాడు: బాగున్నదాన్నే తిరిగిచ్చాను, తీసుకున్నప్పుడే దానికి చిల్లుంది, అసలు నేను తీసుకోనే లేదు. మీ కలలో కూడా ఇలాంటి సాకులు వస్తున్నాయా గమనించండి. ఒక్క సాకూ రాకుండా మాటే ఆగిపోతుంటే, అపరాధభావం కంటే బెంగ వైపే మొగ్గు చూపొచ్చు. ఇది నా అంచనా. ప్రతి కలా కోరిక తీర్చుకోవడమే అని ఆయన చెప్పిన సిద్ధాంతాన్ని ఇప్పటి పరిశోధకుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. వివరాన్ని పట్టుకుని దానికి ఏం తోస్తుందో చూడమన్న పద్ధతి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

కలనేత:

తాళాల మాట చదివి కాసేపు ఆగిపోయాను. నాన్నగారు పోయాక అమ్మ నగలన్నీ మా ఊళ్ళో నా పేరున ఉన్న లాకర్లోనే పెట్టాం. తాళం నా దగ్గరే ఉంటుంది. అమ్మ నోటిమాటగా ఇచ్చింది, లిస్టు రాయలేదు. ఈ మధ్య చెల్లి ఫోన్‌లో "చంద్రహారం నీ దగ్గరే ఉంది కదా" అని మామూలుగా అడిగింది. ఉంది అన్నాను, అంతే. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా? మరి కలలో అన్నది చెల్లి కాదు, వదిన.

సావధానం:

సంబంధం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మనిషి మారడం కూడా వింత కాదు. చెల్లి అలా అంటే తట్టుకోవడం కష్టం, అదే మాట వదిన నోట పెడితే నమ్మడం సులువు. వదినల మీద ఇంతకాలం కథలూ సీరియళ్ళూ చేసిపెట్టిన పని ఇది. పాపం ఆవిడకు ఇందులో ఏ పాత్రా లేదు.

కాబట్టి ఈ కలను రాబోయే నిందకు సూచనగా కాదు, రాసి పెట్టని బాధ్యతకు గుర్తుగా చదవండి. అది సరైన అర్థమో కాదో పరీక్షించే దారి ఒక్కటే, ఆ పని పూర్తిచేసి చూడటం. తాళపత్రంగారు చెప్పిన కథలో కృష్ణుడు చేసిందే: అందరి ఎదుటా చూపించేయండి.

నగల లిస్టు రాసేటప్పుడు తప్పులు ఇక్కడ జరుగుతాయి. "హారం 1, గాజులు 4" అని రాస్తే రేపు ఏ హారం అన్న గొడవ వస్తుంది. ఒక్కో నగను డిజిటల్ కాటా మీద పెట్టి అంకె కనబడేలా ఫోటో తీయండి. బరువు గ్రాముల్లోనే రాయండి, దశాంశాలతో సహా. తులాలు అని రాస్తే ఒకరు 10 గ్రాములనుకుంటారు, పాతకాలం వాళ్ళు 11.66 అనుకుంటారు. ఆరు తులాల హారం దగ్గరికొచ్చేసరికి దాదాపు 10 గ్రాముల తేడా, అది చాలు మనసులు విరగడానికి. రాళ్ళ నగలైతే "రాళ్ళతో కలిపి" అని రాసి, ఎన్ని రాళ్ళున్నాయో, ఏది ఊడిపోయి ఉందో కూడా రాయండి. 2021 తర్వాత హాల్‌మార్క్ వేయించిన వాటి మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) ఉంటుంది, అదీ ఎక్కించండి. అమ్మ కాలం నాటి వాటి మీద అది ఉండదు, కొక్కెం ఆకారం, పగుళ్ళు లాంటి గుర్తులు రాసుకోవాలి.

తూకం వేసేటప్పుడు అమ్మతో పాటు అన్నయ్యో చెల్లో ఇంకొకరు ఉండాలి. ఇదే అసలు కీలకం. మీరొక్కరే రాసి పంపితే అది మీ మాటే అవుతుంది. అమ్మ సంతకం, మీ సంతకం, తేదీ వేసి ఒక కాపీ లాకర్లో, ఒక్కోటి తోబుట్టువులకు. లాకర్ మీ ఒక్కరి పేరునే ఉంటే అమ్మను కూడా చేర్చవచ్చేమో బ్యాంకులో అడగండి, నామినీ ఉన్నారో లేదో చూడండి. లోపల ఏముందో బ్యాంకు రికార్డులో ఉండదు, ఎప్పుడు తెరిచారన్నదే ఉంటుంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం లాకర్ తెరిచిన రోజే మెసేజ్ రావాలి. రిజిస్టరైన నంబరు ఇప్పటిదేనా చూసుకోండి.

మాట ఎత్తడం గురించి. "నా మీద అనుమానం రాకూడదని" అని మొదలుపెట్టకండి, లేని అనుమానం అప్పుడే పుడుతుంది. "అమ్మ నగలకు లిస్టు లేదు, పండక్కి అందరం కలుస్తాం కదా, అప్పుడు రాసేద్దాం" అంటే చాలు. అన్నయ్యకు, చెల్లికి కల ఊసు ఎత్తనక్కర్లేదు.

మందులషాపు:

అందరు మంచిగనే చెప్పిండ్రు గని గోలీల సంగతి ఎవ్వరు అడగలే. కలలు ఎప్పటిసంది ఎక్కువైనయో చూస్కోండి, అప్పట్ల ఏమన్న కొత్త మందు మొదలువెట్టిండ్రా? బీపీకి, వణుకుకు, మైగ్రేన్‌కు ఇచ్చే ప్రొప్రనోలాల్, మెటోప్రొలాల్ లాంటివి పీడకలలు తెస్తయి. డిప్రెషన్ మందులు మొదలుపెట్టినప్పుడు, ఇంకా ఎక్కువ ఉన్నట్టుండి ఆపినప్పుడు కలలు మస్తు గట్టిగ వస్తయి. మన దగ్గర జలుబు, తుమ్ములకు చీటీ లేకుంటనే కొనుక్కుని వేసుకునే మాంటెలుకాస్ట్ గోలీ ఉంది చూడుండ్రి, దానికి 2020ల అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మందు వివరాల కాగితంల అన్నిటికన్న పెద్ద హెచ్చరిక పెట్టించింది. మనసు మీద పనిజేస్తదని, పీడకలలు కూడ అండ్లున్నయి. రాత్రి మద్యం తాగుడు కూడ అంతే. మొదటి సగం రెమ్‌ను అణగదొక్కుతది, తెల్లారుజామున అంతకంత తిరిగి లేస్తది.

ఏదీ మీ అంతట మీరు ఆపకండి. బీపీ గోలీ ఉన్నట్టుండి ఆపితే గుండెకు ముప్పు. డాక్టర్‌కు "ఈ గోలీ మొదలైనంక కలలు మొదలైనయి" అని తారీఖుతోని చెప్పుండ్రి. వేళ మార్చుడో, గోలీ మార్చుడో ఆయన చూస్తడు. పీడకలలకు ప్రాజోసిన్ మంచిదని నెట్‌ల చదివి అడుగుతుంటరు, అది అసలు బీపీ మందు. మొదటి డోసుకే లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడ్తరు. సొంతంగ వద్దు.

రాత్రిడ్యూటీ:

మందులషాపుగారు మంచి మాట గుర్తుచేశారు. ఇక ఆపడం ఎలా అన్న చివరి ప్రశ్న. లిస్టు రాసేసరికి కల దానంతటదే పలచబడొచ్చు. పలచబడకపోతే పదే పదే వచ్చే పీడకలలకు బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి ఒకటుంది, కలను పగలు తిరగరాసి సాధన చేయడం. 2001లో బ్యారీ క్రాకో బృందం అమెరికా వైద్య పత్రిక జామాలో ప్రచురించిన పరిశోధన తర్వాత ఇది బాగా వాడుకలోకొచ్చింది. అమెరికన్ నిద్రవైద్యుల సంఘం కూడా పీడకలలకు సిఫారసు చేస్తున్న చికిత్స ఇది.

చేసే తీరు: పగటిపూట కాగితం మీద పాత కలను ఒకసారి క్లుప్తంగా రాయండి. తర్వాత దాన్ని మార్చండి. ఎలా మార్చాలన్నది మీ ఇష్టం, నిజంలా ఉండనక్కర్లేదు. చాలామంది చివర్లో మారుస్తారు. అప్పటికే భయం పూర్తిగా పట్టుకుని ఉంటుంది కనుక అంతగా పనిచేయదు. భయం మొదలయ్యే చోటుకు ముందే మార్చండి. మీ కలలో వదిన తిరిగే లోపే. ఉదాహరణకు: హాల్లో అందరూ కూర్చున్నారు. చేతిలో తాళాలగుత్తి బరువుగా తెలుస్తోంది. వెళ్ళి అమ్మ ఒళ్ళో పెడతారు. అమ్మ బీరువా తెరుస్తుంది, పట్టుచీరల మధ్య కలరా ఉండల వాసన. ఎర్ర వెల్వెట్ డబ్బా తీసి చెల్లికి ఇస్తుంది, చెల్లి మెడలో పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. వదిన కాఫీలు తెస్తోంది. ఇంతే, అయిదారు వాక్యాలు. వాసన, బరువు, చల్లదనం లాంటివి ఒకటి రెండు ఉంటే మనసు పట్టుకుంటుంది.

ఈ కొత్తదాన్ని రోజుకు 10 నుంచి 20 నిమిషాలు కళ్ళు మూసుకుని మనసులో నడిపించండి. కూర్చుని చేయాలి. ఒక్క కలతోనే పని చేయండి. ఇంకా భయంకరమైన కలలుంటే వాటి జోలికి ముందే పోవద్దు, పదికి నాలుగైదు మార్కులున్న దాంతో మొదలుపెట్టాలి.

బెడిసికొట్టేది రెండు చోట్ల. ఒకటి, కొత్త కథకు బదులు పాతదాన్నే తలుచుకుంటూ పోవడం. అది సాధన కాదు, గాయాన్ని గోకడం. పాతది జొరబడితే కళ్ళు తెరిచి, మూడు ఊపిరులు తీసి, కొత్తదాని మొదటి వాక్యం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. రెండు, కొత్త కథలో వాదించి గెలవడం. "నేను తీయలేదు" అని రుజువులు చూపిస్తూ వదినను ఏడిపించే కథ రాస్తే కోర్టు సీను అలాగే ఉంటుంది, గుండెదడా అలాగే ఉంటుంది. అసలు విచారణే లేని కథ రాయండి.

కలనేత:

రెండు చిన్న సందేహాలు. సాధన పడుకునే ముందు చేయొచ్చా? మధ్యలో మళ్ళీ పాత కలే వస్తే? ఇంకోటి తాళపత్రంగారికి: కల చెప్పడం శాంతి అన్నారు, మా ఇంట్లో మాత్రం చెడ్డ కల ఎవరికీ చెప్పకూడదంటారు.

రాత్రిడ్యూటీ:

మొదట్లో పగలే చేయండి, పక్క మీద వద్దు. పాతది జొరబడకుండా నడవడం అలవాటయ్యాక పడుకునే ముందు ఒకసారి తలుచుకోవచ్చు. ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో పాతది వస్తే సాధన చెడిపోయిందని కాదు. ఎక్కువమందికి ముందు తగ్గేది కల రావడం కాదు, దాని తీవ్రత. అందుకే మార్కులు వేయమన్నది: ఎనిమిది కాస్తా అయిదయితే పనిచేస్తున్నట్టే. రాత్రి మెలకువ వస్తే పక్క మీద పొర్లకండి, లేచి మంచినీళ్ళు తాగి, మసక వెలుతురులో కూర్చుని నిద్ర వచ్చాకే పడుకోండి. నిద్రంటేనే భయం వేస్తున్నా, పగలు పనులు సాగకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చినా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

తాళపత్రం:

చెప్పకూడదన్నది చాలా ఇళ్ళలో ఉన్న ఆచారమే, ఎవరి ఆచారం వాళ్ళది. గ్రంథంలో మాత్రం చెడ్డ కలను చెప్పేసి మళ్ళీ నిద్రపొమ్మనే ఉంది. మంచి కల వస్తే మాత్రం ఆ తర్వాత నిద్రపోవద్దంటారు. తోబుట్టువులకు చెప్పొద్దన్న సావధానంగారి మాట సబబే, అమ్మ సంగతి వేరు. చెప్పదలిస్తే అమ్మకే చెప్పండి, లిస్టు రాసే పని అయ్యాక.